ఇసుకలో దాచిన నూరు గుడ్లు

పిల్లలూ, కుందేలూ తాబేలూ పందెం వేసుకున్న కథ మీరంతా వినే ఉంటారు. ఆ కథలోది మెట్టతాబేలు. కుందేలు పొరపాటున సముద్రపు తాబేలుతో, అందులోనూ నీళ్ళలో, పందెం వేసి ఉంటే కథ రెండు ముక్కల్లో అయిపోయేది. కుందేలు చెవులు తడుపుకునే లోపల తాబేలు కంటికి కనబడనంత దూరం వెళ్ళి ఉండేది!

తాబేళ్ళన్నీ ఒకటి కావు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడికి వెళ్ళినవారు అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్ళను చూసే ఉంటారు. అవి మెట్టతాబేళ్ళు. వాటికి ఏనుగు కాళ్ళవంటి పొట్టి కాళ్ళుంటాయి. ఎవరైనా దగ్గరికి వస్తే తలా కాళ్ళూ డిప్పలోకి లాక్కుని రాయిలాగా ఉండిపోతాయి. చెరువులోని తాబేళ్ళకు వేళ్ళమధ్య చర్మం ఉంటుంది. ఆ శ్రీకూర్మానికి కొద్ది దూరంలోనే సముద్రం ఉన్నది. అందులో తిరిగే తాబేలుకు కాళ్ళే లేవు; వాటికి బదులు నాలుగు తెడ్లున్నాయి. ముందు తెడ్లు పొడుగు, వెనక తెడ్లు పొట్టి. ముందు వాటితో నీటిని తోసుకుంటూ, వెనక వాటిని చుక్కానిలాగా తిప్పుకుంటూ పోతుంది. తల డిప్పలోకి లాక్కోవటం మాత్రం దానికి చాతకాదు. ఎవరైనా కొడితే ఆ దెబ్బ తినవలసిందే.

ప్రపంచంలో సముద్రపు తాబేళ్ళు మొత్తం ఏడు జాతులు. వాటిలో అయిదు మన దేశపు సముద్రాలలో తిరుగుతాయి. అయితే, ఇచ్ఛాపురం మొదలు తడ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడుగున ఉన్న మన ఆంధ్ర తీరానికి గుడ్లు పెట్టటానికి వచ్చేది ముఖ్యంగా ఒక్క జాతి. దాని పేరు ఆలివ్ రిడ్లే. ఆలివ్ కాయ రంగులో ఉంటుంది కనక ఆ పేరు వచ్చింది. ఆలివ్ కాయ మనకు అలవాటు లేదు కనక, నాచు పట్టిన రాతి రంగు అనుకోండి. పొడుగు రెండు అడుగులు దాటుతుంది. బరువు 35 మొదలు 50 కిలోల దాకా ఉండవచ్చు. అంటే, అయిదో తరగతి పిల్లవాడికంటె బరువే. సముద్రపు తాబేళ్ళలో చిన్న జాతి ఇదీ, దీని దాయాదీ!

ఇప్పుడు మీరు నాతో రావాలి. ఎక్కడికంటే, విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారి పక్కన ఇసుక ఒడ్డుకు. సంక్రాంతి వెళ్ళి నెల అయింది. రాత్రి రెండు గంటలు. చలిగాలి వేస్తున్నది. చెవులకు మఫ్లరు చుట్టుకోండి గాని, టార్చిలైటు మాత్రం వెలిగించవద్దు, మాట్లాడవద్దు. ఎందుకో మీకే తెలుస్తుంది.

అదుగో, అల వెనక్కు పోయిన చోట నల్లగా ఒక రాయి ఉన్నది చూడండి. ఇందాక అది అక్కడ లేదు. కాసేపటికి రాయి కదిలింది. తల ఎత్తి అటూ ఇటూ చూసింది. వెలుగు కనిపించినా, మనిషి అలికిడి అయినా ఆ తల్లి ఇప్పుడే వెనక్కు తిరిగి నీళ్ళలోకి పోతుంది. అందుకే మిమ్మల్ని టార్చి వద్దన్నది.

నీళ్ళలో అంత చురుకైన జంతువు ఇసుకమీద చూస్తే జాలి వేస్తుంది. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. బుస్సున ఊపిరి వదులుతుంది. మళ్ళీ నాలుగడుగులు. నీటిలో తేలికగా ఉండే ఒళ్ళంతా ఇక్కడ తనే మోసుకోవాలి మరి. అలలు అందని చోటికి చేరాక, ముందు తెడ్లతో పొడి ఇసుకను చిమ్మి, తను పడుకునేందుకు చోటు చేసుకుంటుంది. ఆ తరవాత అసలు పని మొదలవుతుంది. ఒక వెనక తెడ్డును దోసిలిలాగా వంచి గుప్పెడు ఇసుక తీసి పక్కన పెడుతుంది. తరవాత రెండో తెడ్డు. మళ్ళీ మొదటిది. ఇదంతా తన వీపు వెనక జరుగుతున్నది. తను తవ్వే గుంటను అది ఒక్కసారి కూడా చూడదు. అయినా, ముప్పావు గంటలోపల అక్కడ కూజా ఆకారంలో గుంట తయారవుతుంది. సన్నని మెడ, కింద గుండ్రటి పొట్ట, లోతు అడుగున్నర. కుమ్మరి చక్రంమీద చేసినా ఇంతకంటె పొందికగా ఉండదు.

తరవాత గుడ్లు. తెల్లగా, గుండ్రంగా, బల్లమీద ఆడే పింగ్‌పాంగ్ బంతి అంత ఉంటాయి. రెండేసి, మూడేసి చొప్పున గుంటలోకి జారుతాయి. అంత ఎత్తునుంచి పడినా పగలవు, ఏమంటే వాటి పెంకు కోడిగుడ్డు పెంకులాగా గట్టిది కాదు, తోలులాగా మెత్తనిది. ఎన్ని అనుకున్నారు? నూరు, నూట ఇరవై దాకా.

ఈ సమయంలో మీరు దాని ముఖంవేపు చూస్తే కళ్ళనుంచి నీరు ధారగా కారుతుంటుంది. బిడ్డలను ఒడ్డున వదిలిపోతున్నందుకు ఏడుస్తున్నదని సముద్రతీరపు ముసలివాళ్ళు చెబుతారు. నిజం వేరు. సముద్రపు తాబేలు ఉప్పునీరు తాగి, ఉప్పటి తిండి తిని బతుకుతుంది. ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపటానికి దాని కళ్ళ దగ్గర గ్రంథులున్నాయి. ఆ ఉప్పునీరు ఎల్లప్పుడూ కారుతూనే ఉంటుంది. సముద్రంలో ఉండగా మనకు తెలియదు, అంతే. ముసలివాళ్ళ మాట అబద్ధమైనా, ఆ రాత్రి దాన్ని చూసినవారికి మాత్రం వాళ్ళ మాటే నిజమేమో అనిపిస్తుంది.

గుడ్లు పెట్టటం అయ్యాక గుంట పూడ్చి, తల్లి ఒక తమాషా చేస్తుంది. ఒంటిని కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి ఊపుతూ డిప్పతో ఇసుకను దిమ్మిస కొడుతుంది. థప్, థప్ మని చప్పుడు వినిపిస్తుంది. ఆలివ్ రిడ్లే, దాని దాయాది జాతీ తప్ప తక్కిన సముద్రపు తాబేళ్ళు ఈ నాట్యం చేయవు. చివరికి ఇసుక చెల్లాచెదరుగా చిమ్మి, గుంట ఎక్కడున్నదో తెలియకుండా చేసి, సముద్రందారి పడుతుంది. ఒక అల వస్తుంది, తల్లి ఉండదు. ఇదంతా కలిపి గంట పని. ఆ నూరుమంది పిల్లలను అది ఎన్నడూ చూడదు.

ఇంత పెద్ద సముద్రంలో తిరిగే జంతువు ఈ ఒడ్డుకే ఎందుకు వచ్చింది? ఆడ తాబేలు సాధారణంగా తను పుట్టిన ప్రాంతానికే గుడ్లు పెట్టటానికి వస్తుంది. భూమి ఒక పెద్ద అయస్కాంతమని మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. ఆ అయస్కాంత శక్తి ఒక్కొక్క తీరంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. తాబేలుకు దాన్ని గ్రహించే శక్తి ఉన్నది. పిల్లగా ఇసుకమీద పాకి నీళ్ళలోకి దిగినప్పుడు ఆ ఒడ్డు గుర్తు దానిలో పడిపోతుందనీ, పది పదిహేనేళ్ళ తరవాత ఆ గుర్తు పట్టుకునే అది తిరిగి వస్తుందనీ శాస్త్రజ్ఞులు అంటారు.

సరే, గుడ్లు పొదిగేదెవరు? సూర్యుడు! ఎండకు కాగిన ఇసుకే వాటిని పొదుగుతుంది. 45 మొదలు 60 రోజులు పడుతుంది. ఇందులో ఇంకొక వింత ఉన్నది. లోపల ఉన్నది ఆడపిల్లా, మగపిల్లా అనేది గుడ్డు పెట్టినప్పుడు నిశ్చయం కాదు. ఇసుక వేడినిబట్టి తేలుతుంది. ఇసుక 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటే ఆడా మగా రెండూ పుడతాయి; అంతకంటె బాగా వేడెక్కితే అన్నీ ఆడవే, చల్లబడితే అన్నీ మగవే. ఏటా ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మగవి బొత్తిగా లేని మంద ఎన్నాళ్ళు నిలుస్తుంది?

పిల్లలు ముక్కు కొసన ఉండే చిన్న ముల్లుతో గుడ్డు చీల్చుకుని వస్తాయి. అయితే అడుగున్నర ఇసుక కింద ఉన్నాయి గదా! ఒక్క పిల్ల తవ్వుకుని బయటపడటం కష్టం. అందరూ కలిసి కాళ్ళు ఆడిస్తారు. పైన ఉన్నవి ఇసుకను రాలుస్తుంటే కింద ఉన్నవి దాన్ని తొక్కుతూ పైకి లేస్తాయి. లిఫ్టులో వచ్చినట్టు గుంపంతా పైకి వస్తుంది. పై ఇసుక వేడిగా ఉంటే పగలని గ్రహించి అక్కడే ఆగుతాయి. చల్లబడగానే, అంటే చీకటి పడ్డాక, బుడబుడ పైకి పొంగుతాయి. పిల్ల పొడుగు అంగుళమున్నర, బరువు తులమున్నర. మీ అమ్మ మెడలో గొలుసంత!

వాటికి దారి చెప్పేవాళ్ళు లేరు. చీకటిలో సముద్రంవేపు ఆకాశం నేలవేపుకంటె కొంచెం తెలుపుగా ఉంటుంది. ఆ తెలుపువేపు పరిగెత్తాలని మాత్రం వాటికి పుట్టుకతో తెలుసు. వేల సంవత్సరాలుగా ఈ పాఠం తప్పలేదు. ఇప్పుడు తప్పుతున్నది. రోడ్డుమీద కరెంటు దీపాలు, హోటళ్ళ దీపాలు సముద్రంకంటె తెల్లగా వెలుగుతున్నాయి. పిల్లలు వెనక్కు తిరిగి రోడ్డువేపు పోతాయి. తెల్లవారాక కొన్ని కార్లకింద, కొన్ని కాకుల నోట, కొన్ని ఎండలో. సరిగా సముద్రంవేపు వెళ్ళినవాటికి మాత్రం ఏం సుఖం? దారిలో ఎండ్రకాయలు బొరియల్లోకి లాగేస్తాయి, కుక్కలూ నక్కలూ కాచుకుని ఉంటాయి, నీళ్ళలో చేపలు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వెయ్యి పిల్లలలో పెరిగి పెద్దయేది ఏ ఒక్కటో. అందుకే తల్లి అన్ని గుడ్లు పెడుతుంది.

కుక్కలూ నక్కలూ గుడ్లను కూడా వదలవు. మనుషులూ వదిలేవారు కారు. పూర్వం తీరపు గ్రామాలలో తాబేటి గుడ్లు తవ్వి తినటం, అమ్మటం ఉండేది. 1972లో వచ్చిన వన్యప్రాణుల సంరక్షణ చట్టం ప్రకారం తాబేలును చంపినా, గుడ్లు తీసినా ఇప్పుడు జైలు. చట్టం కుక్కలకు తెలియదు కనక, వాటినుంచి కాపాడటానికి మరొక ఏర్పాటు చేశారు. శ్రీకాకుళం మొదలు నెల్లూరు దాకా చాలా చోట్ల, ఒడ్డున కంచె వేసి, తాబేటి గుడ్లకు రక్షణశాలలు పెట్టారు. అటవీశాఖవారూ, స్వచ్ఛంద సంస్థలవారూ వీటిని నడుపుతారు. పని చేసేది ఎక్కువగా ఆ ఊరి జాలరి యువకులే. విశాఖలో సాగర్‌నగర్ దగ్గర జోడుగుళ్ళపాలెం ఒడ్డున ఇటువంటిదే ఒకటి పెట్టారు.

వాళ్ళ పని చూడవలసిందే. అర్ధరాత్రి దాటాక ఒడ్డువెంట నడుస్తారు. ఇసుకమీద తాబేలు పాకిన జాడ పెద్ద బండి చక్రం దొర్లినట్టు ఉంటుంది. జాడ వచ్చింది ఎటు, పోయింది ఎటు, రెండూ కలిసిన చోట ఇసుక చిమ్మి ఉన్నదా అని చూస్తారు. సన్నని కర్రను ఇసుకలోకి నెమ్మదిగా దింపుతారు. తవ్వని ఇసుక గట్టిగా అడ్డుతుంది. గూడు ఉన్నచోట కర్ర సులువుగా దిగుతుంది. ఆ దిగటం చేతికి తెలియాలి. ఒక్క వేలు బలం ఎక్కువ పెట్టినా కర్ర గుడ్లలో దిగుతుంది. ఇది పుస్తకాలలో నేర్చుకునే విద్య కాదు.

గుడ్లు తీసేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉన్నది. పెట్టిన కొద్ది గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తరవాత గుడ్డును తిరగేస్తే పిండం ఊడి చచ్చిపోతుంది. కనక తెల్లవారకముందే, కుదపకుండా, దొర్లించకుండా తెచ్చి, కంచె లోపల తల్లి తవ్వినటువంటి కూజా గుంటే తవ్వి పాతిపెడతారు. పక్కన పలక మీద తేదీ, గుడ్ల లెక్క. నెలన్నర దాటాక ఆ చోట బుట్ట బోర్లించి, రాత్రింబగళ్ళు చూస్తుంటారు. పిల్లలు బయటికి రాగానే చీకటి ఉండగానో, తెల్లవారుజామునో అలలకు కాస్త దూరంలో వదిలేస్తారు. తీసుకుపోయి నీళ్ళలో వేయరు. ఇసుకమీద తమంతట తాము పాకితే గాని ఆ ఒడ్డు గుర్తు వాటిలో పడదేమోనని! పిల్లలను వదిలే వేళ చూడటానికి మీరు వెళితే, చేత్తో ఎత్తకండి, ఫొటోకోసం దీపం వెలిగించకండి.

మన ఒడ్డుకు తాబేళ్ళు ఒంటిగా వస్తాయి. ఇచ్ఛాపురం దాటి ఉత్తరంగా కొద్ది దూరం పోతే, ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట మాత్రం లక్షలుగా వస్తాయి. అక్కడి జాలరులలో తెలుగు మాట్లాడేవారు చాలామంది, వారిని నోలియాలంటారు. మందలుగా వచ్చే ఈ తాబేళ్ళను శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించారు. 2025 ఫిబ్రవరిలో పది రోజులలోపల దాదాపు 7 లక్షల తాబేళ్ళు అక్కడ గుడ్లు పెట్టాయి! ఇసుకమీద కాలు పెట్టటానికి చోటు ఉండదు. ఒకటి పెట్టిన గుడ్లను ఇంకొకటి తవ్వేస్తుంది. ఇలా మందగా వచ్చేదాన్ని స్పానిష్ మాటలో అరిబాదా అంటారు. రాక అని దానికి అర్థం. అన్నీ ఒకేసారి పెడితే కుక్కలు, కాకులు ఎంత తిన్నా తినలేనన్ని మిగులుతాయి. కొన్ని సంవత్సరాలు మంద రానే రాదు. అప్పుడు ఒడ్డున కాపలా కాసే పల్లెవాళ్ళ ముఖాలు చూడలేం.

ఇక చెప్పటానికి ఇష్టంలేని సంగతి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాకినాడ ఒడ్డునా, ఇంకా చాలా చోట్లా చచ్చిన తాబేళ్ళు కొట్టుకువస్తుంటాయి. 2025 జనవరిలో చెన్నై తీరంలో వెయ్యికి పైగా వచ్చాయి. వాటిని ఎవరూ కొట్టి చంపలేదు. అవి నీళ్ళలో మునిగి చచ్చాయి. తాబేలు మునగటమేమిటని అడుగుతారా? తాబేలుకు మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులున్నాయి. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. ట్రాలర్లనే మరపడవలు పెద్ద సంచివంటి వలను సముద్రపు అడుగున గంటల తరబడి ఈడుస్తాయి. చేపలతోపాటు అందులో చిక్కిన తాబేలు పైకి రాలేదు. తన్నుకునేకొద్దీ గాలి తొందరగా అయిపోతుంది. వల పైకి లాగేసరికి ప్రాణం ఉండదు. పైగా, గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్ళు ఒడ్డుకు దగ్గరలోనే మసలుతాయి. చేపలు, రొయ్యలు దొరికేదీ అక్కడే.

దీనికి విరుగుడు ఉన్నది. వల మెడలో ఇనపచువ్వల జల్లెడ ఒకటి ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలూ చేపలూ చువ్వల సందుల్లోంచి దూరి వెనక సంచిలోకి పోతాయి. తాబేలు చువ్వలకు తగిలి, వాలువెంట జారి, అక్కడ పెట్టిన రంధ్రంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు మన వలలకు తగినట్టు దీన్ని తయారుచేశారు. అయితే, చాలా పడవలవారు దీన్ని కట్టరు. ఎందుకంటే, రంధ్రంలోంచి కొంత చేప కూడా పోతుందని వారి భయం. డీజిలు అప్పు తెచ్చి సముద్రంమీదికి పోయేవాడికి ఆ కొంత చేపే లాభం కావచ్చు. అతన్ని దుర్మార్గుడనటం సులువు, సరికాదు. పోయే చేప స్వల్పమే అని శాస్త్రజ్ఞులు లెక్కలు చూపుతారు. ఆ లెక్క జాలరి తన వలలో తను చూసుకుంటే గాని నమ్మడు. 2019లో అమెరికా ఇటువంటి జల్లెడలు లేని వలలతో సముద్రంలో పట్టిన మన రొయ్యలను కొనటం మానుకున్నది. అంటే, తాబేలు చావు తిరిగి తిరిగి జాలరి సంపాదనకే తగిలింది.

నిజానికి జాలరులకు తాబేలుమీద పగ లేదు. వలలో ప్రాణంతో పడితే కూర్మావతారమని దండం పెట్టి వదిలేవారు ఇప్పటికీ ఉన్నారు. చేపగుడ్లనూ చేపపిల్లలనూ తినే జెల్లీచేపలను తాబేలు తింటుందనీ, తాబేలు ఉంటేనే చేప ఉంటుందనీ అనుభవం గల జాలరులకు తెలుసు. పాపం, ఆ జెల్లీచేప అనుకునే మనం పారేసిన ప్లాస్టిక్ సంచులను కూడా అది మింగుతున్నది.

చివరగా ఒక తాబేలు కథ. దానికి పేరు లేదు, నంబరు ఉన్నది: 03233. ఒడిశాలోని గహీర్మఠ ఒడ్డున 2021 మార్చి 18న అది గుడ్లు పెట్టటానికి వస్తే, శాస్త్రజ్ఞులు దాని తెడ్డుకు ఈ నంబరు గల లోహపు బిళ్ళ తగిలించి వదిలారు. నాలుగేళ్ళు ఎవరికీ కనబడలేదు. 2025 జనవరిలో ఒక రాత్రి, మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతున్న తాబేలు తెడ్డుమీద ఏదో తళుక్కుమన్నది. చూస్తే 03233! బంగాళాఖాతంలో బయలుదేరి, మన తీరం దాటి, అరేబియా సముద్రంలోకి వచ్చిందన్నమాట. దారి సుమారు 3,500 కిలోమీటర్లని అంచనా. తూర్పు ఒడ్డు తాబేళ్ళు వేరు, పడమటి ఒడ్డు తాబేళ్ళు వేరు అనుకున్నవారంతా ముక్కుమీద వేలేసుకున్నారు.

గుహాగర్‌లో అది 120 గుడ్లు పెట్టింది. అక్కడివాళ్ళు వాటికి కాపలా కాశారు. 107 పిల్లలు బయటికి వచ్చి అరేబియా సముద్రంలో దిగాయి. వాటిలో ఆడవి పెరిగి పెద్దయి గుడ్లు పెట్టటానికి వచ్చేటప్పటికి, ఈ కథ చదువుతున్న మీరు కాలేజీలో ఉంటారు. అవి తల్లి ఒడ్డుకు వెళతాయో, తాము పుట్టిన ఒడ్డుకు వెళతాయో, అప్పుడు చూడాలి.